అమెరికా యూనివర్సిటీలో సీటు: మీ అవకాశం ఎంత? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

"ఈ మార్కులకి అక్కడ సీటు వస్తుందా?" అని అడుగుతూ చాలా ఉత్తరాలు వచ్చాయి. అన్నిటికీ ఒకే జవాబు లేదు. ఒకదానికొకటి పొంతన లేని కొన్ని ఉత్తరాలను ఎంచి, వాటికి కాస్త వివరంగా రాస్తున్నాం.

ప్రశ్న: ఇంటర్ ఎంపీసీ రెండో ఏడాది చదువుతున్నాను. మొదటి ఏడాదిలో 470కి 458 వచ్చాయి. అమెరికా కాలేజీల ప్రవేశానికి రాసే శాట్ పరీక్షలో 1500. నేను కోరుకునే ప్రైవేటు యూనివర్సిటీలో అడ్మిషన్ రేటు 12 శాతం అని రాసుంది. ఆన్‌లైన్ కాలిక్యులేటర్‌లో నా మార్కులు పెడితే 38 శాతం అవకాశం అంది. ఏది నమ్మమంటారు?

జవాబు: రెండూ మీకు వర్తించవు. ఆ 12 శాతం దరఖాస్తు చేసినవాళ్లందరి సగటు. కోచ్‌లు ముందే ఎంచుకున్న ఆటగాళ్లు, కొన్నిచోట్ల పూర్వ విద్యార్థుల పిల్లలు, ఎర్లీ డెసిషన్‌లో (సీటొస్తే తప్పక చేరతామని ముందే ఒప్పుకుని పెట్టే దరఖాస్తు) వచ్చినవాళ్లు, అందరూ అందులో కలిసిపోయి ఉంటారు. మీరు నిలబడే వరస అది కాదు, విదేశీ విద్యార్థులది. ఇక కాలిక్యులేటర్‌కి మీ మార్కులు తప్ప ఇంకేమీ తెలియదు. మీరు ఆర్థిక సాయం అడుగుతున్నారా, ఏ మేజర్ (ప్రధాన సబ్జెక్టు) పెట్టారు, మీ కాలేజీలో 458 అంటే ఎన్నో స్థానం, ఇవేవీ దానికి అక్కర్లేదు.

అసలు లెక్క కామన్ డేటా సెట్ అనే పత్రంలో దొరుకుతుంది. చాలా యూనివర్సిటీలు ఏటా ఒకే నమూనాలో దాన్ని ప్రకటిస్తాయి. యూనివర్సిటీ పేరు పక్కన ఈ మూడు మాటలు పెట్టి వెతికితే పీడీఎఫ్ వస్తుంది. సీ1 పట్టికలో ఎంతమంది దరఖాస్తు చేశారు, ఎంతమందికి సీటిచ్చారు, ఎంతమంది చేరారు అని ఉంటుంది. ఇటీవలి నమూనాలో ఆ రాష్ట్రంవాళ్లు, బయటి రాష్ట్రాలవాళ్లు, విదేశీయులు అని విడదీసి కూడా అడుగుతున్నారు. కొన్ని యూనివర్సిటీలు ఆ గడులు ఖాళీగా వదిలేస్తాయి.

ఒక ఊహా లెక్క చూడండి. మొత్తం దరఖాస్తులు 50,000, సీట్లిచ్చింది 6,000 మందికి. అదే 12 శాతం. అందులో విదేశీ దరఖాస్తులు 9,000, వాటిలో సీటొచ్చింది 450 మందికి. అంటే 5 శాతం. మిగతావాళ్ల రేటు 13.5 శాతం. పైన కనిపించే 12 మీకు సంబంధించిన అంకె కాదని ఇక్కడే తేలిపోతుంది. విదేశీయుల గడి ఖాళీగా ఉంటే బీ2 పట్టికలో మొదటి ఏడాది విద్యార్థుల్లో విదేశీయులు ఎందరో చూడండి. 1,500 మంది తరగతిలో 120 మంది ఉన్నారనుకోండి, ఆ 120 ప్రపంచం మొత్తానికి. మన దేశం నుంచి, అదీ ఇంజినీరింగ్‌కి వచ్చే దరఖాస్తులు తక్కువేమీ కావు.

తర్వాత సీ9 తెరవండి. చేరినవాళ్ల శాట్ స్కోర్లు 25వ, 50వ, 75వ పర్సంటైల్‌లో ఎంతెంతో అక్కడ ఉంటాయి (25వ పర్సంటైల్ అంటే వందలో పాతికమంది స్కోరు దానికి కిందే). 25వది 1480, 75వది 1560 అయితే మీ 1500 కింది సగంలో పడినట్టే. కింది సగంలో ఉన్నవాళ్లలో చాలామందికి స్కోరును మించిన కారణం ఇంకేదో ఉంటుంది. ఏ ప్రత్యేకతా లేని విదేశీ విద్యార్థి 75వ అంకెకు దగ్గరగా ఉంటేనే స్కోరు సాయపడిందనుకోవాలి. మొత్తం ఒక్కటే చూసి ఊరుకోకండి. మన పిల్లల్లో గణితంలో 790, 800 తెచ్చుకునేవాళ్లు చాలామంది, అది ఎవరినీ వేరుగా నిలబెట్టదు. రీడింగ్ అండ్ రైటింగ్ 700 దగ్గర ఆగితే మళ్లీ రాయడానికి కారణం అదే. సీ9లో రెండు విభాగాలూ విడివిడిగా ఉంటాయి. ఎంత శాతం మంది స్కోరు పంపారో కూడా అక్కడే ఉంటుంది. సగం మందే పంపిన చోట ఆ అంకెలు బాగా వచ్చినవాళ్లవే అని గుర్తుంచుకోవాలి.

సీ7 పట్టికను ఎక్కువమంది దాటేస్తారు. మార్కులు, వ్యాసం, సిఫారసు లేఖలు, ఇంటర్వ్యూ, ఆసక్తి ఇలా ఒక్కోదానికి ఎంత విలువ ఇస్తారో యూనివర్సిటీయే టిక్కు పెట్టి చెబుతుంది. "దరఖాస్తుదారు చూపిన ఆసక్తి" అన్న వరసలో "పరిగణిస్తాం" అని ఉంటే వాళ్ల ఆన్‌లైన్ సమావేశాలకు పేరు నమోదు చేసుకోవడం పనికొస్తుంది. "పరిగణించం" అని ఉంటే ఆ సమయం వ్యాసానికి పెట్టుకోండి.

ఇక మీ 458 సంగతి. మంచి మార్కులే. కానీ ఇంటర్ బోర్డులో 95 శాతం దాటేవాళ్లు ఎందరో ఆ ప్రాంతం దరఖాస్తులు చదివే అధికారికి తెలుసు. ఆ అంకెకు అర్థం ఇచ్చేది స్కూల్ ప్రొఫైల్ అనే ఒకటి రెండు పేజీల కాగితం: కాలేజీలో ఎంతమంది చదువుతున్నారు, ఏ గ్రూపులున్నాయి, ఏ మార్కుల శ్రేణిలో ఎంతమంది ఉన్నారు. కామన్ యాప్‌లో (చాలా యూనివర్సిటీలకు ఒకే దరఖాస్తు పెట్టే వెబ్‌సైట్) దీన్ని, స్కూల్ రిపోర్టును కౌన్సెలర్ పంపాలి. చాలా జూనియర్ కాలేజీల్లో కౌన్సెలర్ అనే ఉద్యోగమే ఉండదు. ప్రిన్సిపాల్ గానీ ఆయన చెప్పిన లెక్చరర్ గానీ ఆ పాత్ర పోషించవచ్చు. ఆగస్టులోనే అడగండి. నవంబరు వచ్చేసరికి వాళ్లు పరీక్షల హడావిడిలో ఉంటారు.

ఇంకో చిక్కు: అమెరికావాళ్లు అడిగేది తొమ్మిది నుంచి పన్నెండు దాకా నాలుగేళ్ల మార్కులు. తొమ్మిదో తరగతికి బోర్డు మెమో ఉండదు. పాత స్కూలుకెళ్లి హెడ్మాస్టర్ సంతకం, ముద్ర ఉన్న మార్కుల పత్రం తెచ్చుకోవాలి. రెండో ఏడాది ఫలితాలు వాళ్ల నిర్ణయాలు వెలువడ్డాకే వస్తాయి కాబట్టి కాలేజీ పరీక్షల మార్కులు, అంచనా మార్కులు పంపాలి. సీటొచ్చాక అసలు మార్కులు బాగా పడిపోతే ఇచ్చిన సీటు వెనక్కి తీసుకునే హక్కు యూనివర్సిటీకి ఉంటుంది.

ప్రశ్న: మా కుటుంబం ఏడాదికి 15,000 డాలర్లకు మించి పెట్టలేదు. ఆర్థిక సాయం అడిగితే సీటు రాదంటున్నారు. ముందు అడక్కుండా చేరిపోయి, రెండో ఏడాది అడిగితే కుదురుతుందా?

జవాబు: కుదరదు, అలా అనుకుని బయల్దేరకండి. ప్రవేశం నాడు సాయం అడగని విదేశీ విద్యార్థి ఆ తర్వాత నాలుగేళ్లూ అడగడానికి వీల్లేదని చాలా కాలేజీలు ముందే రాసి పెడతాయి. పైగా ఐ-20 (వీసాకు కావాల్సిన, యూనివర్సిటీ ఇచ్చే పత్రం) ఇవ్వడానికి మొదటి ఏడాది ఖర్చంతా మీ దగ్గర ఉందని చూపమంటారు. చూపలేకపోతే వచ్చిన సీటు వచ్చినట్టే పోతుంది.

అడిగితే సీటు రాదన్న మాట కొన్నిచోట్ల నిజం, కొన్నిచోట్ల అబద్ధం. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, డార్ట్‌మత్, బ్రౌన్, ఆమ్‌హర్స్ట్, బోడన్ విదేశీయుల విషయంలో కూడా డబ్బు అవసరాన్ని చూడకుండా నిర్ణయం తీసుకుంటాయి. సీటిస్తే అవసరమైనంత సాయమూ ఇస్తాయి. దీన్ని నీడ్-బ్లైండ్ అంటారు. అయితే ఇవన్నీ సీటు దొరకడం బహు కష్టమైన చోట్లే. డబ్బు అడ్డు కాదన్నంత మాత్రాన తలుపు వెడల్పయినట్టు కాదు.

స్టాన్‌ఫర్డ్, కొలంబియా, కార్నెల్, పెన్ లాంటివి అమెరికన్ పిల్లలకు నీడ్-బ్లైండ్, విదేశీయులకు నీడ్-అవేర్, అంటే డబ్బు అవసరాన్ని కూడా చూసి నిర్ణయిస్తాయి. చిన్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీల్లో ఎక్కువ భాగం కూడా ఈ రెండో కోవకే చెందుతాయి. అక్కడ విదేశీయుల సాయానికి ఒక బడ్జెట్ ఉంటుంది. తీసుకోవాలనుకున్నవాళ్ల జాబితా ఆ బడ్జెట్ దాటినప్పుడు అంచుమీద ఉన్నవాళ్లను తీసేస్తారు. ఏడాదికి 20,000 డాలర్లు అడిగిన పిల్లవాడూ 70,000 అడిగిన పిల్లవాడూ అప్పుడు సమానం కారు.

మీకు పనికొచ్చే పట్టిక కామన్ డేటా సెట్‌లోని హెచ్6. విదేశీయుల్లో ఎంతమందికి సాయం ఇచ్చారు, సగటున ఎంత, మొత్తం ఎంత అని ఉంటుంది. 40 మందికి సగటున 70,000 డాలర్లు అని ఉందనుకోండి. ఆ 40 నాలుగేళ్ల తరగతులకు కలిపి, అంటే ఏడాదికి సుమారు పదిమంది. మరోచోట 300 మందికి సగటున 20,000 అని ఉంటే చూడ్డానికి ఉదారంగా కనిపిస్తుంది గానీ, ఏటా 85,000 ఖర్చయ్యే చోట అది మిమ్మల్ని గట్టెక్కించదు. మీకు మొదటి రకం కావాలి, లేదా మొత్తం ఖర్చే తక్కువగా ఉండి మెరిట్ స్కాలర్‌షిప్ ఇచ్చే ప్రభుత్వ యూనివర్సిటీ కావాలి. ప్రభుత్వ యూనివర్సిటీలు విదేశీయులకు అవసరాన్ని బట్టి సాయం ఇవ్వడం అరుదు.

ఫారాల విషయానికొస్తే, ఫాఫ్సా (అమెరికా ప్రభుత్వ సాయానికి నింపే ఫారం) మీకు సంబంధించింది కాదు. సాధారణంగా కాలేజ్ బోర్డు వారి సీఎస్ఎస్ ప్రొఫైల్ నింపాలి. తల్లిదండ్రుల జీతం, ఆదాయపు పన్ను రిటర్నులు, సొంత ఇల్లు, పొలం, అప్పులు అన్నీ అడుగుతుంది. చాలామంది బోర్లా పడేది ఇక్కడే: ఆదాయ ధ్రువపత్రంలో ఒక అంకె, బ్యాంకు స్టేట్‌మెంట్‌లో దానితో ఏ మాత్రం పొసగని ఇంకో అంకె. ఎక్కడికి ఏ కాగితం పంపినా ఒకే లెక్క పలకాలి. వ్యవసాయ ఆదాయానికి రిటర్నులు లేకపోతే ఎందుకు లేవో ఒక పేరాలో రాసి జతచేయండి.

ప్రశ్న: కంప్యూటర్ సైన్స్ తప్ప ఇంకేదీ వద్దు. పెద్ద ప్రభుత్వ యూనివర్సిటీల్లో సీట్లు ఎక్కువ కాబట్టి సులువుగా వస్తుందనుకుంటున్నాను. సరేనా?

జవాబు: సరి కాదు. సీట్లు ఎక్కువే కానీ అవి ముందుగా ఆ రాష్ట్రం పిల్లలవి. ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీ 90 శాతం సీట్లను టెక్సస్ నివాసులకే ఇవ్వాలి. సియాటిల్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్‌కి రాష్ట్రంవాళ్లకూ బయటివాళ్లకూ రేట్ల మధ్య చాలా తేడా ఉంటుంది. ఇలినాయ్, పర్డ్యూ, జార్జియా టెక్ వంటి చోట్ల యూనివర్సిటీ మొత్తం రేటు చూసి కంప్యూటర్ సైన్స్ అవకాశం అంచనా వేస్తే బోల్తా పడతారు.

"సులువైన మేజర్‌లో చేరి తర్వాత మారదాం" అన్న ఎత్తు చాలాచోట్ల మూసుకుపోయింది. చేరాక కంప్యూటర్ సైన్స్‌కి మారడం మీద బర్కిలీ సహా అనేక యూనివర్సిటీలు గట్టి పరిమితులు పెట్టాయి. దరఖాస్తుకు ముందే "చేంజ్ ఆఫ్ మేజర్" పేజీ చదవండి. ఇలినాయ్‌లో భాషాశాస్త్రం, వ్యవసాయం లాంటి వాటితో కంప్యూటర్ సైన్స్ కలిపిన కోర్సులున్నాయి. నిజంగా ఆసక్తి ఉంటే అవి మంచి దారి. ఆసక్తి లేకుండా పెడితే వ్యాసంలో ఇట్టే దొరికిపోతారు.

కాలిఫోర్నియా యూనివర్సిటీ క్యాంపస్‌ల పద్ధతి వేరు. శాట్ స్కోరు పంపినా ప్రవేశానికి చూడరు. మొదటి దశలో సిఫారసు లేఖలు అడగరు. ఎనిమిది ప్రశ్నల్లో నాలుగింటికి ఒక్కోదానికి 350 పదాల లోపు జవాబులు రాయాలి. మార్కులు మీరే ఎక్కించాలి. అక్కడ చేసిన చిన్న పొరపాటు కూడా సీటొచ్చాక అసలు మెమోలతో సరిచూసినప్పుడు బయటపడుతుంది. గడువు నవంబరు చివర, మిగతావాటికంటే నెల ముందు.

ప్రశ్న: ఎర్లీ డెసిషన్ పెడితే అవకాశం రెట్టింపవుతుందని మా అబ్బాయి అంటున్నాడు. సంతకం పెట్టమని కూర్చున్నాడు. పెట్టొచ్చా అండీ?

జవాబు: ముందు ఆ సంతకం దేనికో తెలుసుకోండి. సీటొస్తే తప్పక చేరతామని, మిగతా దరఖాస్తులన్నీ వెనక్కి తీసుకుంటామని విద్యార్థి, తల్లి లేదా తండ్రి, కౌన్సెలర్ ముగ్గురూ ఒప్పుకోవడమే అది. ఒక్క చోటికే పెట్టాలి. గడువు సాధారణంగా నవంబరు 1, ఫలితం డిసెంబరు మధ్యలో. ఇచ్చిన ఆర్థిక సాయం చాలకపోతే బయటపడే వీలుంది గానీ, సాయం అడగకుండా పెట్టి తర్వాత డబ్బు చాలదంటే ఎవరూ వినరు.

రేటు ఎక్కువగా కనిపించడం నిజమే. సీ21లో ఎర్లీ డెసిషన్ దరఖాస్తులు, సీట్లు ఎన్నో చూడొచ్చు. కానీ ఆ సీట్లలో ఆటగాళ్లవి చాలా ఉంటాయి, కాబట్టి మీ అబ్బాయికి దక్కే లాభం పట్టికలో కనిపించేదానికంటే తక్కువ. మొత్తం ఫీజు కట్టగలిగి, అదే కాలేజీ కావాలని పిల్లవాడికి స్పష్టంగా ఉంటే పెట్టండి. ఎక్కడ ఎంత సాయం ఇస్తారో పోల్చి చూసుకోవాల్సిన కుటుంబమైతే వద్దు. ఎర్లీ యాక్షన్ అనేది వేరు, దానికి కట్టుబాటు లేదు. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, స్టాన్‌ఫర్డ్‌లలో కట్టుబాటు లేకపోయినా, అదే సమయంలో ఇతర ప్రైవేటు యూనివర్సిటీలకు ఎర్లీ పెట్టకూడదన్న షరతు ఉంది.

ప్రశ్న: టెస్ట్-ఆప్షనల్ అంటే శాట్ రాయకపోయినా నష్టం లేదనేనా? టోఫెల్ (ఇంగ్లిష్ పరీక్ష) కూడా తప్పదా?

జవాబు: ఎంఐటీ 2022లోనే శాట్ లేదా అలాంటిదే అయిన ఏసీటీ పరీక్షను మళ్లీ తప్పనిసరి చేసింది. హార్వర్డ్, డార్ట్‌మత్, బ్రౌన్, కాల్‌టెక్ తర్వాత అదే బాట పట్టాయి. కాబట్టి జాబితాలో పెద్ద పేర్లుంటే రాయక తప్పదు. ఆప్షనల్ అన్నచోట కూడా, వాళ్లకు పరిచయం లేని బోర్డు నుంచి వచ్చే విద్యార్థికి మంచి స్కోరు ఒక ఆధారం. ఆ కాలేజీ 50వ పర్సంటైల్ దాటితే పంపండి, 25వ దాని కిందుంటే పంపకండి. మధ్యలో ఉంటే గణితం, ఇంగ్లిష్ విడివిడిగా చూసి తేల్చుకోండి. టోఫెల్, ఐఈఎల్‌టీఎస్, డుయోలింగో పరీక్షల్లో ఏది ఒప్పుకుంటారో, ఇంగ్లిష్ మీడియం చదివినవాళ్లకు మినహాయింపు ఉందో లేదో ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. టోఫెల్, ఐఈఎల్‌టీఎస్ స్కోర్లు రెండేళ్లే చెల్లుతాయి.

ప్రశ్న: బీటెక్ సీఎస్ఈ చివరి ఏడాది. సీజీపీఏ 7.4, నాలుగు బ్యాక్‌లాగ్‌లు ఉండేవి, అన్నీ క్లియర్ చేశాను. జీఆర్ఈ (ఎంఎస్ ప్రవేశానికి రాసే పరీక్ష) 315. ఎంఎస్‌కి పనికొస్తానా? బ్యాక్‌లాగ్‌లు కనపడకుండా కన్సాలిడేటెడ్ మెమో ఒక్కటే పంపమని స్నేహితులు అంటున్నారు.

జవాబు: ముందు స్నేహితుల సలహా సంగతి. యూనివర్సిటీ కన్సాలిడేటెడ్ మెమో చాలంటే అదే పంపండి, తప్పు లేదు. "అన్ని సెమిస్టర్ల మెమోలు, అన్ని ప్రయత్నాలు" అని అడిగితే అన్నీ పంపాలి. దాచినట్టు తేలితే చేరాక కూడా సీటు రద్దు చేయొచ్చు, దానితో పాటే వీసా హోదా పోతుంది. నాలుగు బ్యాక్‌లాగ్‌లు అంత ప్రాణాంతకం కావు. ఏ సబ్జెక్టుల్లో అన్నదే ప్రశ్న. మొదటి ఏడాది ఇంజినీరింగ్ డ్రాయింగ్‌లో పోతే ఎవరూ పట్టించుకోరు. డేటా స్ట్రక్చర్స్‌లో, డిస్క్రీట్ మ్యాథ్స్‌లో పోతే కమిటీ ఆగి చూస్తుంది. అప్పుడు ఆ తర్వాతి కోర్సుల్లో, అంటే ఆల్గరిథమ్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్‌లో మంచి గ్రేడు ఉండాలి. కారణం ఉంటే రెండు వాక్యాల్లో, అదనపు సమాచారం గడిలో రాయండి. ఎస్ఓపీలో (ఎందుకు చదవాలనుకుంటున్నారో చెప్పే వ్యాసం) సగం పేజీ సంజాయిషీ వద్దు.

ఎంఎస్ ప్రవేశం బ్యాచిలర్స్‌లా అడ్మిషన్ ఆఫీసు చేతిలో ఉండదు. రెండు గడపలున్నాయి. గ్రాడ్యుయేట్ స్కూలు కనీస అర్హత చూస్తుంది. చాలాచోట్ల నాలుగుకి 3.0 జీపీఏ. ఆ తర్వాత డిపార్ట్‌మెంట్ ప్రొఫెసర్ల కమిటీ చదువుతుంది. మొదటి గడప దగ్గర మన పిల్లలు తమంతట తామే తడబడతారు: 7.4ని పదితో భాగించి నాలుగుతో గుణించి 2.96 అని రాసేస్తారు. అది వాళ్ల పద్ధతే కాదు. దరఖాస్తులో మీ స్కేలు అడిగితే 10కి 7.4 అనే రాయండి. 4.0 స్కేలుకే మార్చమంటే వాళ్లిచ్చిన సూచన ప్రకారం మార్చండి. విదేశీ డిగ్రీలను అమెరికా లెక్కలోకి మార్చి చూపే డబ్ల్యూఈఎస్ లాంటి సంస్థ మూల్యాంకనం అడిగితే ఆ సంస్థ ఒక్కో కోర్సు గ్రేడును మార్చి లెక్కిస్తుంది, సూటిగా గుణించి వచ్చినదానికి అది సరిపోలనక్కర్లేదు. అడగనిచోట దానికి డబ్బు తగలేయకండి.

315 మాటకొస్తే, ఒక్కో విభాగం 130 నుంచి 170. క్వాంట్ 167, వెర్బల్ 148 అయితే ఒక కథ, 158, 157 అయితే ఇంకో కథ. కంప్యూటర్ సైన్స్‌కి మొదటిదే నయం, రైటింగ్ స్కోరు మరీ తక్కువ కాకపోతే. ఇప్పుడు చాలా డిపార్ట్‌మెంట్లు జీఆర్ఈ అడగడమే మానేశాయి. అలాంటిచోట మీ క్వాంట్ 160 లోపుంటే పంపకపోవడమే మంచిది.

అవకాశం ఎక్కువగా మారేది ప్రోగ్రాం రకాన్ని బట్టి. థీసిస్ ఉన్న, రీసెర్చ్ అసిస్టెంట్‌షిప్ ఇచ్చే ఎంఎస్‌లో సీట్లు తక్కువ. ప్రొఫెషనల్ మాస్టర్స్, ఎం.ఇంజ్. లాంటివి విద్యార్థులు కట్టే ఫీజుతో నడుస్తాయి, కాబట్టి సీట్లు ఎక్కువ, సాయం దాదాపు సున్నా. పీహెచ్‌డీకి సీట్లు వేళ్లమీద లెక్కపెట్టేటన్ని. కానీ వస్తే సాధారణంగా ట్యూషన్ మాఫీ, నెలనెలా స్టైపెండ్. ఒకే డిపార్ట్‌మెంట్‌లో ఈ మూడింటి అవకాశాలు మూడు రకాలు. మీ ప్రొఫైల్‌కి రెండో రకంలో, పరిశోధనకు పెద్ద పేరు లేని ప్రభుత్వ యూనివర్సిటీల్లో మంచి అవకాశం ఉంది. మొదటి పాతిక ర్యాంకుల్లో ఉన్న థీసిస్ ఎంఎస్‌కి ఒకటి రెండు పెట్టి చూడండి, అంతకు మించి ఫీజులు పోయకండి.

సిఫారసు లేఖలు మూడు. హెచ్ఓడీ పేరుతో మీరే జీమెయిల్ ఖాతా తెరిచి అప్‌లోడ్ చేసే అలవాటు మన దగ్గర బాగా పాతుకుపోయింది. దరఖాస్తు, మూడు లేఖలు ఒకే ఐపీ చిరునామా నుంచి వచ్చాయని కనిపెట్టడం వాళ్లకు కష్టమేం కాదు. కాలేజీ డొమైన్ ఈమెయిల్ ఉన్న అధ్యాపకుడు, మీ ప్రాజెక్టు గురించి నాలుగు నిర్దిష్టమైన మాటలు రాయగలిగినవారైతే, పెద్ద హోదా లేకపోయినా చాలు. వాళ్లకు మీ మార్కులు, ప్రాజెక్టు రిపోర్టు, గడువుల పట్టిక నెల ముందే ఇవ్వండి.

ఆఖరుగా ఒకటి. అసిస్టెంట్‌షిప్, ఫెలోషిప్ లాంటి సాయంతో ఆఫర్ వస్తే, గ్రాడ్యుయేట్ స్కూళ్ల కౌన్సిల్ తీర్మానంలో చేరిన యూనివర్సిటీలు ఏప్రిల్ 15 కంటే ముందే జవాబివ్వమని ఒత్తిడి చేయకూడదు. సాయం లేని ఆఫర్‌కి ఈ రక్షణ లేదు. డిపాజిట్ గడువు మార్చిలోనే పెట్టొచ్చు.

ప్రశ్న: బీఎస్సీ మూడేళ్ల డిగ్రీ. ఎంఎస్‌కి అర్హత ఉందా?

జవాబు: కొన్ని యూనివర్సిటీలు నాలుగేళ్ల డిగ్రీ ఉండాలని కచ్చితంగా రాస్తాయి, అక్కడ ఫీజు కట్టడం దండగ. కొన్ని మూల్యాంకన సంస్థ సమానమని చెబితే ఒప్పుకుంటాయి. న్యాక్ ఏ గ్రేడో అంతకంటే పైదో ఉన్న సంస్థలో ఫస్ట్ డివిజన్‌లో పాసైన మూడేళ్ల డిగ్రీలు కొన్నిటిని డబ్ల్యూఈఎస్ అమెరికా బ్యాచిలర్స్‌తో సమానంగా గుర్తిస్తుంది. దరఖాస్తుకు ముందే గ్రాడ్యుయేట్ స్కూలుకు ఈమెయిల్ రాసి, జవాబు దాచుకోండి. ఎమ్మెస్సీ పూర్తి చేసినవాళ్లకు ఈ తలనొప్పి దాదాపు ఉండదు.

ప్రశ్న: నేరుగా బర్కిలీలో సీటు రాలేదు. కమ్యూనిటీ కాలేజీలో (రెండేళ్ల ప్రభుత్వ కాలేజీ) చేరి రెండేళ్లకు మారితే సులువంటున్నారు. నిజమా?

జవాబు: కాలిఫోర్నియాలో ఇది నిజమైన దారి, విదేశీ విద్యార్థులకు కూడా. అక్కడి కమ్యూనిటీ కాలేజీల నుంచి వచ్చేవాళ్లకు కాలిఫోర్నియా యూనివర్సిటీ బదిలీల్లో ప్రాధాన్యం ఇస్తుంది. డేవిస్, అర్వైన్, మర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్ క్యాంపస్‌లకు టాగ్ అనే హామీ పథకం ఉంది. షరతులు నెరవేరిస్తే సీటు ఖాయం. ఒక్క క్యాంపస్‌కే టాగ్ పెట్టాలి, అదీ సెప్టెంబరులోనే. మామూలు దరఖాస్తు వేరుగా పెట్టాలి. బర్కిలీ, లాస్ ఏంజిలిస్, శాన్ డియేగోలకు టాగ్ లేదు. పైగా హామీ క్యాంపస్‌కి ఉన్నా కంప్యూటర్ సైన్స్ లాంటి మేజర్లను చాలాచోట్ల మినహాయించారు. ఆ జాబితా ఏటా చూడాల్సిందే.

ఎక్కడ తప్పుతారంటే, బదిలీకి 60 సెమిస్టర్ యూనిట్లు పూర్తి చేసినా మేజర్‌కి కావాల్సిన కోర్సులు కావు అవి. మీ కాలేజీ కోర్సు ఏ క్యాంపస్‌లో దేనికి సమానమో అసిస్ట్ వెబ్‌సైట్‌లో ఉంటుంది. మొదటి సెమిస్టర్‌కి ముందే నాలుగు సెమిస్టర్ల ప్రణాళిక దాన్ని చూసి వేసుకోండి. ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద ప్రతి సెమిస్టర్‌లో కనీసం 12 యూనిట్లు ఉండాలి, అందులో ఆన్‌లైన్ కోర్సు ఒక్కటే లెక్కకొస్తుంది. ఇంకో మాట, చాలా కమ్యూనిటీ కాలేజీల్లో హాస్టల్ ఉండదు. ఫీజు తక్కువని చేరి అద్దె దగ్గర లెక్క తప్పేవాళ్లు ఎక్కువ.

ప్రశ్న: వెయిట్‌లిస్టులో పెట్టారు. ఎదురుచూడనా?

జవాబు: చోటు ఉంచుకోండి, కానీ మే 1 లోపు ఇంకో చోట డిపాజిట్ కట్టేయండి. సీ2లో నిరుడు వెయిట్‌లిస్టు నుంచి ఎంతమందిని తీసుకున్నారో ఉంటుంది. కొన్నేళ్లు సున్నా కూడా కనిపిస్తుంది. సాయం అడిగిన విదేశీయులకు నీడ్-అవేర్ కాలేజీల్లో అప్పటికి డబ్బు మిగలదు. ఒక పేజీ లేఖ రాయండి: సీటిస్తే తప్పక చేరతారని (నిజమైతేనే), దరఖాస్తు తర్వాత వచ్చిన కొత్త మార్కులు, ఫలితాలు. డిపాజిట్ కట్టిన చోటి ఐ-20తో వీసా పని మొదలుపెట్టండి. తర్వాత కాలేజీ మారితే, కట్టిన 350 డాలర్ల సెవిస్ (విదేశీ విద్యార్థుల నమోదు) ఫీజును కొత్త ఐ-20 నంబరుకు మార్పించుకోవచ్చు, మళ్లీ కట్టక్కర్లేదు. డీఎస్-160 (వీసా దరఖాస్తు ఫారం) మాత్రం కొత్త వివరాలతో ఉండాలి.

ప్రశ్న: ఒక కన్సల్టెన్సీ "సీటు, వీసా రెండూ గ్యారంటీ" అంటోంది. దరఖాస్తంతా వాళ్లే చేస్తారట. మంచిదేనా?

జవాబు: వీసాకి గ్యారంటీ ఇవ్వగలిగినవాళ్లు ఎవరూ లేరు. సీటు యూనివర్సిటీ ఇస్తుంది, వీసా కాన్సులేట్ అధికారి ఇస్తారు. చదువయ్యాక తిరిగి వెళ్తారన్న నమ్మకం అధికారికి కలగకపోతే అమెరికా వలస చట్టంలోని 214(బీ) కింద నిరాకరిస్తారు, 185 డాలర్ల వీసా ఫీజు తిరిగి రాదు. 2025 జూన్ నుంచి విద్యార్థి వీసా దరఖాస్తుదారులు తమ సోషల్ మీడియా ఖాతాలను పబ్లిక్‌గా ఉంచాలంటున్నారు, దరఖాస్తులో ఖాతాల పేర్లు అడగడం అంతకు ముందు నుంచే ఉంది. మీ పేరుతో ఇంకెవరో నింపిన ఫారంలో తప్పుంటే ఇంటర్వ్యూలో జవాబుదారీ మీరే.

సీటు గ్యారంటీ అంటే సాధారణంగా కమిషన్ ఇచ్చే యూనివర్సిటీలకు, అడిగిన ప్రతివాళ్లకూ సీటిచ్చే చోట్లకు పెడతారని అర్థం. "మీకు ఏ యూనివర్సిటీల నుంచి కమిషన్ వస్తుంది?" అని నేరుగా అడగండి, జాబితా కాగితం మీద తీసుకోండి. సాయం తీసుకున్నా సరే, దరఖాస్తు ఖాతాలు మీ సొంత ఈమెయిల్‌తో తెరవండి, పాస్‌వర్డ్ మీ దగ్గరే ఉంచుకోండి, ఫీజు మీ కార్డుతో నేరుగా యూనివర్సిటీకి కట్టండి. సమర్పించే ముందు పీడీఎఫ్ మొత్తం చదివి ఒక కాపీ దాచండి. ఎస్ఓపీ వాళ్లు రాసిస్తే అదే పేరాలు ఇంకో పాతికమందికి కూడా వెళ్లి ఉంటాయనే అనుకోండి. అలాంటి పోలికలు పట్టే సాఫ్ట్‌వేర్ చాలా యూనివర్సిటీల దగ్గర ఉంది.